భద్రాచలం నీటిమట్టం, బిడ్డ తొడకు సూది

"అమ్మకీ, నాకూ, తమ్ముడికీ హెపటైటిస్-బి తేలింది. ఇది మా వంశంలోనే ఉందా?" అని కోనసీమ నుంచి ఒక పాఠకురాలు అడిగారు. లేదమ్మా. ఇది రక్తంతో అంటుకుని కాలేయాన్ని దెబ్బతీసే వైరస్. చాలావరకు కాన్పులోనే, తల్లి రక్తం, స్రావాలు బిడ్డను తడిపేటప్పుడే సోకుతుంది. తల్లి రక్తంలో 'ఇ' యాంటిజెన్ (వైరస్ జోరుగా పెరుగుతోందని చెప్పే గుర్తు) కూడా ఉండి, ఏ జాగ్రత్తా తీసుకోకపోతే నూటికి 70 నుంచి 90 మంది పిల్లలకు వస్తుంది. పెద్దయ్యాక సోకితే నూటికి 95 మంది వదిలించుకుంటారు. పురిట్లో సోకితే 90 మందిలో ఉండిపోతుంది.

భద్రాచలంలో గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక. ఆ నీరు ధవళేశ్వరం దిగడానికి దాదాపు ఒక రోజు. లంకల్లో సామాను సర్దుకునేది ఆ వ్యవధిలోనే. రక్తంలో ఈ వైరస్ ఉందో లేదో చెప్పే, గర్భిణికి చేసే హెచ్‌బీఎస్ఏజీ పరీక్ష భద్రాచలం కొలత లాంటిది. బిడ్డ పుట్టాక మనకున్నదీ ఒక్క రోజే: 24 గంటల్లోపు తొడ కండరంలో అర మిల్లీలీటరు టీకా. తల్లి పాజిటివ్ అయితే 12 గంటల్లో రెండో తొడకు ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా.

ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇసుక బస్తా. తయారుగా ఉన్న యాంటీబాడీలు (వైరస్‌ను పట్టే రక్షక ప్రోటీన్లు) కాబట్టి వేసిన వెంటనే అడ్డుకుంటాయి, కొన్ని నెలల్లో కరిగిపోతాయి. టీకా మట్టి గట్టు. బిడ్డ ఒళ్లే దాన్ని కట్టుకోవాలి. 6, 10, 14 వారాల పెంటావాలెంట్ (హెపటైటిస్-బి కూడా కలిసిన ఐదు జబ్బుల టీకా) డోసులతో ఎత్తు పెరుగుతుంది. రెండూ ఒకే చోట వేస్తే బస్తాలోని యాంటీబాడీలు టీకానే పట్టేస్తాయి.

వరద మరీ పెద్దదైతే గట్టు మీంచి పొర్లుతుంది. తల్లి రక్తంలో వైరస్ మిల్లీలీటరుకు 2 లక్షల యూనిట్లు దాటితే 28వ వారం నుంచి రోజూ వైరస్‌ను అణిచే టెనోఫోవిర్ మాత్ర 300 మిల్లీగ్రాములు ఇస్తారు. అంటే ఎగువనే నీరు తగ్గించడం. ఒకసారి కాలేయ కణంలోకి చేరితే వైరస్ డీఎన్ఏ కేంద్రకంలో గుండ్రంగా చుట్టుకుని, నీరు తీశాక మిగిలే ఒండ్రులా ఉండిపోతుంది. ఇప్పుడున్న మాత్రలు దాన్ని కడగలేవు.

ఇంత తెలిసీ గండి ఎక్కడ పడుతుంది? పరీక్ష అత్తగారి ఊళ్లో, పురుడు పుట్టింట్లో. కార్డు బీరువాలో ఉండిపోతుంది. నొప్పులు రాకముందే దాన్ని సంచిలో పెట్టండి. రాత్రి కాన్పయితే "పొద్దున వేద్దాం" అంటారు. ఒక్క బిడ్డకు పది డోసుల సీసా విప్పడానికి వెనకాడతారు. విప్పిన సీసాను చల్లగా, శుభ్రంగా ఉంచితే 28 రోజులు వాడవచ్చు. గడ్డకట్టిన టీకా మాత్రం పారేయాల్సిందే.

కామెర్లకు చేతిమీద వాత పెట్టించడం ఇప్పటికీ ఉంది. వాత వైరస్‌ను తీయదు, కాలం మింగేస్తుంది. ముర్రుపాలు పిండి పారబోయడం మరో ఘోరం. బిడ్డకు టీకా పడితే తల్లి పాలు నిర్భయంగా పట్టవచ్చు.

ఇంట్లో కలిసి తినడంతో ఇది రాదు. బ్లేడు, బ్రష్, గోళ్ల కత్తెర ఎవరివి వాళ్లవే ఉండాలి. ఎండిన రక్తంలో వైరస్ వారం రోజులైనా బతుకుతుంది. భర్తకు పరీక్ష చేయించి, నెగటివ్ అయితే 0, 1, 6 నెలల టీకా వేయించండి. బిడ్డకు 9 నెలలు నిండాకే రక్తపరీక్ష. అంతకుముందు చేస్తే బస్తాల యాంటీబాడీలే గట్టులా కనిపిస్తాయి.