కొత్త బ్రీఫ్‌కేస్ తోలు మంచిదేనా? మెరుపు వదిలేసి మడత చూడండి

ఖరీదైన లెదర్ బ్రీఫ్‌కేస్ చేతికి రాగానే చాలామంది ముందుగా చేసే పని వాసన చూడటం. ఆ వాసన ఎంత బాగున్నా సాక్ష్యానికి మాత్రం పనికిరాదు. అది చాలావరకు టానింగ్‌లో, అంటే పచ్చి చర్మాన్ని కుళ్లిపోని తోలుగా మార్చే పనిలో వాడిన సరుకుదీ, తోలుకు పట్టించిన నూనెలదీ. పైగా తోలు వాసన వచ్చే సెంట్లు విడిగా దొరుకుతాయి, రెగ్జిన్ మీద కొట్టినా గుప్పుమంటాయి. మెరుపూ అంతే, పైన వేసిన కోటింగ్ సంగతి చెబుతుంది తప్ప కిందున్న తోలు సంగతి చెప్పదు. తోలు మంచిచెడ్డలు దాని పీచు అల్లికలో ఉంటాయి, అది బయటపడేది ముఖ్యంగా మడతల్లో, కోసిన అంచుల్లో.

జంతువు చర్మంలో పై వెంట్రుకలనీ, అడుగున ఉండే కొవ్వునీ గీకి పడేశాక మిగిలే నడిమి పొరే తోలవుతుంది. అందులో ఉండేది ముఖ్యంగా కొలాజెన్ అనే ప్రొటీన్. మూడు గొలుసులు పురితాడులా మెలేసుకుని ఒక పోగు, అలాంటి పోగులన్నీ కలిసి కట్టలు, ఆ కట్టలు అన్ని దిక్కులకూ అల్లుకుపోయి ఉంటాయి. పైవైపు పీచు చాలా సన్నగా, దట్టంగా ఉంటుంది, దాన్నే గ్రెయిన్ అంటారు. కిందికి పోయేకొద్దీ కట్టలు లావవుతాయి. పైభాగాన్ని ముట్టుకోకుండా అలాగే ఉంచితే ఫుల్ గ్రెయిన్. మచ్చలు పోవాలని పైన సానపట్టి రంగు కోటింగ్ వేస్తే కరెక్టెడ్ గ్రెయిన్, దీన్నే చాలాసార్లు టాప్ గ్రెయిన్ పేరుతో అమ్ముతారు. పైపొర కోసేశాక మిగిలిన అడుగు భాగం స్ప్లిట్. తోలు తుక్కును పొడిచేసి జిగురుతో కలిపి షీటుగా వేస్తే బాండెడ్. ఇక లోపల కుట్టిన పట్టీ మీద ‘జెన్యూన్ లెదర్’ అని ఉందనుకోండి, అది తోలేనని మాత్రమే అర్థం, మంచి తోలని కాదు. కోటింగ్ విషయంలో యూరప్ ప్రమాణం ఈఎన్ 15987 ఒక గీత గీసింది: పైన వేసిన పూత 0.15 మిల్లీమీటర్లు దాటితే దాన్ని ఉత్త ‘లెదర్’ అని పిలవకూడదు.

ఇప్పుడు బ్యాగ్ తీసుకుని ఏదో ఒక ప్యానెల్‌ను, పైభాగం లోపలికి వచ్చేలా మెల్లగా వంచండి. వంపులో సన్నటి ముడతలు దగ్గరదగ్గరగా పడి, వదలగానే పోయాయా, అల్లిక గట్టిగా ఉన్నట్టు. అలా కాకుండా వెడల్పాటి ముడతలు లేచి, వదిలాక కూడా గీతలు మిగిలిపోతే గ్రెయిన్ పొర కిందిదాని నుంచి వదులైనట్టే. కొత్తలోనే ఇలా ఉంటే ఏడాది తిరిగేసరికి ఆ చోటే ముందు పాడవుతుంది. ఒక్క మినహాయింపు ఉంది, పుల్-అప్ రకం తోలు. దాన్ని వంచితే ఆ చోట రంగు లేతబడుతుంది, అది లోపం కాదు, లోపల పట్టించిన మైనం, నూనెలు పక్కకు జరిగాయంతే. చిన్న గీత పడినా వేలితో రుద్దితే ఆ వేడికి సర్దుకుంటుంది.

ఈ పరీక్ష ముందు ప్యానెల్ మీద చేసి ఊరుకోవద్దు. ఒకే చర్మంలో వెన్ను భాగం గట్టిగా, పొట్ట భాగం వదులుగా, సాగేలా ఉంటుంది. తయారీదారు ఎవరైనా సరే మంచి ముక్కను అందరికీ కనబడే చోట వేస్తాడు, మరి మిగతాది పడేయలేడు కదా! అందుకే పక్కల మడతలు, ఫ్లాప్ కిందిభాగం, హ్యాండిల్ కుట్టిన చోటు చూడాలి. అక్కడ కూడా తోలు బాగుంటే ఆ బ్యాగ్‌కు పెట్టిన డబ్బుకు అర్థముంది. పురుగు కాటు మచ్చ, ముళ్లు గీసుకున్న గీత, మెడ దగ్గరి ముడత లాంటివి కనిపిస్తే కంగారుపడొద్దు, అవి సహజమైన గ్రెయిన్‌కు గుర్తులు. ఒకే నమూనా మళ్లీ మళ్లీ వస్తుంటే మాత్రం అది వేడి ప్లేటుతో అచ్చు వేసింది. అదేమీ మోసం కాదు, అడ్డగీతల సాఫియానో రకం తోలు కూడా అలాగే అచ్చు వేసిందే, రోజూ వానలో తిరిగేవాళ్లకు నేనైతే అదే కొనమంటాను.

కోసిన అంచు కనబడితే మధ్యలో రంగు చూడండి. నీలం కలిసిన బూడిద రంగు ఉంటే క్రోమియం లవణాలతో టానింగ్ చేసింది, అమెరికాలో అగస్టస్ షుల్ట్స్ 1884లో పేటెంట్ తీసుకున్న పద్ధతి దీనికి మూలం. లోపలిదాకా గోధుమ రంగే ఉంటే సాధారణంగా చెట్టు బెరడులోని టానిన్లతో చేసిందై ఉంటుంది. అంచుకు దట్టంగా రంగు పూసేస్తే ఈ చిట్కా పనిచేయదు. రెండూ మంచివే. బెరడు తోలు ఎండ తగిలి, చేతి నూనె పట్టి క్రమంగా ముదురు రంగుకు వస్తుంది, నీటి మరకలు మాత్రం తొందరగా పడతాయి. క్రోమ్ తోలు మెత్తగా ఉంటుంది, వేడికి బాగా ఓర్చుకుంటుంది. నీళ్లలో పచ్చి చర్మం 65 డిగ్రీల సెల్సియస్ దగ్గర ముడుచుకుపోతుంది, బెరడు తోలు సుమారు 70 నుంచి 85 దాకా ఆగుతుంది, బాగా చేసిన క్రోమ్ తోలు 100 కూడా దాటుతుంది. పొడిగా ఉన్నప్పుడు ఇంతకంటే చాలా ఎక్కువే తట్టుకుంటుంది. కాబట్టి తోలును నిజంగా చంపేది తడి, వేడి కలిసి రావడం. తడిసిన బ్యాగ్‌ను హీటర్ ముందు పెట్టడం, హెయిర్ డ్రయ్యర్ పట్టడం వద్దు. లోపల తెల్ల కాగితాలు కుక్కి, నీడలో గాలికి వదిలేయండి. న్యూస్‌పేపర్ వద్దు, సిరా అంటుతుంది.

తోలుకు రాసే క్రీము, అంటే కండిషనర్ కొనే ముందు ఫినిష్ ఏంటో, పైన పూత ఉందో లేదో తెలియాలి. అడుగున ఓ మూల ఒక్క నీటిచుక్క వేయండి. ఇంకి ఆ చోటు నల్లబడి, ఆరాక మామూలైతే పైన పూత లేనట్టే, ఇలాంటిది క్రీమును పీల్చుకుంటుంది. చుక్క అలాగే నిలబడితే పైన పూతో మైనమో ఉంది, పూతయితే మీరెంత రాసినా చాలావరకు పైనే ఉండి దుమ్ము పట్టిస్తుంది, తడిగుడ్డతో తుడిస్తే చాలు. కొత్త బ్యాగ్‌కు ఎలాగూ ఫ్యాక్టరీలోనే నూనె పట్టించి ఉంటారు, మొదటి నెలల్లో ఏమీ రాయక్కర్లేదు. సబ్బు జోలికి పోవద్దు, తోలుది కాస్త ఆమ్ల గుణం, సబ్బుది క్షార గుణం. శానిటైజర్ తడి చేత్తో హ్యాండిల్ పట్టుకోవద్దు, ఆల్కహాల్‌కు చాలా పూతలు మెత్తబడి ఊడిపోతాయి.

బీరువాలో పెట్టిన బ్యాగ్ మీద తెల్లగా ఏదో కనబడితే వెంటనే బూజు అని టెన్షన్ పడకండి. ఆరబెట్టిన తోలే అయితే గోరువెచ్చని గాలి కాసేపు తగిలించండి. తెలుపు మాయమైతే అది లోపలి కొవ్వు పైకి వచ్చి గడ్డకట్టింది, మెత్తటి గుడ్డతో తుడిచేస్తే సరి. మాయం కాకుండా ముక్కిపోయిన వాసన వస్తూ, మచ్చలు మచ్చలుగా ఉంటే బూజే. గాలిలో తేమ 70 శాతం దాటి రోజుల తరబడి ఉంటే అది పడుతుంది, ప్లాస్టిక్ కవర్లో చుట్టి పెడితే ఇంకా సులువుగా పడుతుంది. ఆ కవర్ తీసేసి నూలు గుడ్డ సంచిలో, గాలి ఆడే చోట పెట్టండి.