గ్రేడియంట్‌లో చారలు: తప్పంతా బిట్లదేనా?

ప్రింటింగ్‌కు ఫైళ్లు సిద్ధం చేయడం నా పని. గ్రేడియంట్ (ఒక రంగు నెమ్మదిగా ఇంకో రంగులోకి మారడం) గురించి ఎప్పుడూ వినే ఫిర్యాదు ఒకటుంది: ఆకాశం నున్నగా రాలేదు, మెట్లు మెట్లుగా చారలు కనిపిస్తున్నాయి.

అపోహ: 8 బిట్‌లో కోటీ 67 లక్షల రంగులు ఉన్నాయి కదా, చారలెందుకు వస్తాయి?

వాస్తవం: అది మూడు ఛానెళ్లను (ఎరుపు, ఆకుపచ్చ, నీలం) గుణిస్తే వచ్చే లెక్క. ఒక్కో ఛానెల్‌కు ఉన్నవి 8 బిట్లు, అంటే ఎనిమిది 0/1 అంకెలు; వాటితో వచ్చేవి 256 మెట్లే. 3840 పిక్సెళ్ల వెడల్పులో నలుపు నుంచి తెలుపు దాకా బూడిద గ్రేడియంట్ గీస్తే ఒక్కో మెట్టుకు 15 పిక్సెళ్లు. ఇది పెద్ద ఇబ్బంది కాదు. అదే వెడల్పులో ముదురు బూడిద నుంచి ఇంకాస్త ముదురు బూడిదకు వెళ్లామనుకోండి, మధ్యలో 30 మెట్లే ఉంటే ఒక్కోటీ 128 పిక్సెళ్ల పట్టీ అవుతుంది. పైగా పట్టీల అంచుల్లో తేడాను కన్ను ఉన్నదానికన్నా ఎక్కువ చేసి చూపిస్తుంది. భౌతిక శాస్త్రవేత్త ఎర్నెస్ట్ మాక్ 1865లోనే దీని గురించి రాశాడు.

అపోహ: ఫైల్‌ని 16 బిట్‌కి మార్చేస్తే చారలు పోతాయి.

వాస్తవం: పోవు. పాత 256 మెట్లే పెద్ద డబ్బాలో సర్దుకుంటాయి, అంతే. మార్చాల్సింది గ్రేడియంట్ గీయకముందు, కర్వ్స్ (వెలుగునీడలు సర్దే టూల్) లాగకముందు. (అన్నట్టు, ఫొటోషాప్‌లో 16 బిట్ అంటే 65,536 మెట్లు కాదు, 0 నుంచి 32,768 వరకే. మన పనికి అవే ఎక్కువ.)

అపోహ: నాయిస్ (ఇసుక చల్లినట్టుండే సన్నటి చుక్కలు) వేస్తే బొమ్మ పాడవుతుంది.

వాస్తవం: నా అనుభవంలో చారలకు దీన్ని మించిన మందు లేదు. సన్నటి నాయిస్ మెట్టు అంచుని చెదరగొడుతుంది, పట్టుకోవడానికి కంటికి గీత దొరకదు. 6 బిట్ ప్యానెళ్లు (తక్కువ మెట్లున్న మానిటర్లు) కూడా ఇలాంటి ఉపాయంతోనే పక్కపక్క షేడ్లను వేగంగా మార్చి మార్చి చూపిస్తూ 8 బిట్‌లా నెట్టుకొస్తాయి.

అపోహ: ప్రింట్‌లో మెట్ల సంఖ్య ఫైల్ బిట్లను బట్టే ఉంటుంది.

వాస్తవం: మామూలు ఆఫ్‌సెట్ హాఫ్‌టోన్‌లో (ప్లేటుతో సిరాను చుక్కలు చుక్కలుగా అచ్చు వేసే పద్ధతిలో) షేడ్ అంటే చుక్క సైజు. ప్లేటు 2400 డీపీఐ (అంగుళానికి గళ్లు), హాఫ్‌టోన్ స్క్రీన్ 150 ఎల్‌పీఐ (అంగుళానికి చుక్కల వరుసలు) అయితే ఒక్కో చుక్కకు 16×16 గళ్లు, ఖాళీ కాగితంతో కలిపి 257 షేడ్లు. డీపీఐ 1200కి దిగితే 65 మాత్రమే.

చారలు కనిపిస్తే ముందు ఐడ్రాపర్‌తో (రంగు విలువ చూపే టూల్) పక్కపక్క పట్టీల విలువలు చూడండి. తేడా 1 ఉంటే నాయిస్ వేయండి. మూడో నాలుగో ఉంటే ఎడిటింగ్‌లో ఎక్కడో మెట్లు విరిగిపోయాయి, ఒరిజినల్ దగ్గరికి వెళ్లక తప్పదు.