ముద్రలు పడితేనే పూర్తయ్యే బొమ్మ

పిల్లలూ,

మొన్న నా బల్ల మీది కవరు చూసి "దీన్నెవరు పాడుచేశారు తాతయ్యా?" అని అడిగారు కదా. అది పాడైన కవరు కాదర్రా, బొమ్మే! గీసినవాళ్లు సగం గీస్తే, పోస్టాఫీసు ముద్రలు, దారిలో పడ్డ మడతలు, తడికి కారిన సిరా మిగతా సగం గీశాయి. దీన్ని మెయిల్ ఆర్ట్ అంటారు.

న్యూయార్క్‌లో రే జాన్సన్ అనే కళాకారుడు 1950లలోనే కాగితం ముక్కలు అతికించి చేసిన బొమ్మల్ని స్నేహితులకు పోస్టు చేసేవాడు. "దీనికి మీరూ ఏదైనా కలిపి ఫలానావాళ్లకి పంపండి" అని రాసేవాడు. 1970లో అక్కడి విట్నీ మ్యూజియంలో అలా పోస్టులో వచ్చినవాటితోనే ఒక ప్రదర్శన పెట్టారు.

మెయిల్ ఆర్ట్ ప్రదర్శనల పద్ధతి నాకు చాలా ఇష్టం. మార్కులు వేసేవాళ్లుండరు, ఫీజు ఉండదు. వచ్చిన ప్రతిదీ గోడకెక్కాల్సిందే. డ్రాయింగ్ పోటీ అనగానే మీకు పట్టుకునే టెన్షన్ ఇక్కడ ఉండదు. కాకపోతే పంపినది తిరిగి రాదు.

1965లో ఫ్రాన్స్‌కి చెందిన బెన్ వోత్యే ఒక పోస్టుకార్డు తయారుచేశాడు. తిప్పి చూస్తే రెండు వైపులా అడ్రసు గీతలే! ఇటు ఒకరి అడ్రసు, అటు ఇంకొకరిది రాసి, రెండు వైపులా స్టాంపులంటించి డబ్బాలో వేయాలి. ఎవరికి చేరాలో తేల్చేది పోస్ట్‌మ్యానే. ఆ కార్డు చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పుతున్న ఆయన్ని ఒక్కసారి ఊహించుకోండి!

జపాన్‌లో పుట్టిన ఆన్ కవారా అయితే 1968 నుంచి 1979 దాకా రోజుకి రెండు కార్డులు పంపాడు. వాటి మీద ఆ రోజు తను నిద్ర లేచిన టైమును రబ్బరు స్టాంపుతో అచ్చు వేసేవాడు. ఓ మనిషి లేచాడన్న కబురు కార్డెక్కి ఇంకొకరి గుమ్మం దాకా వచ్చిందంటే, నాకిప్పటికీ గుండె నిండినట్టుంటుంది.

ఇదంతా సరదా కోసమే అనుకోకండి. ఉరుగ్వేలో సైనిక పాలన నడుస్తున్న రోజుల్లో, 1977లో, క్లెమెంటే పదీన్, హోర్హే కరబాల్యో అనే ఇద్దరు మెయిల్ ఆర్టిస్టుల్ని జైల్లో పెట్టారు. వాళ్లని విడిచిపెట్టమని దేశదేశాల మెయిల్ ఆర్టిస్టులు ఉత్తరాలు రాశారు. వాళ్లలో చాలామంది ఆ ఇద్దరి ముఖాలూ ఎన్నడూ చూసినవాళ్లు కారు. ఉత్తరాల పరిచయమే.

దీంతోపాటు సగం గీసిన కార్డు ఒకటి పెడుతున్నాను. మిగతా సగం మీరు గీయండి. కవర్లో దాచకుండా అలాగే డబ్బాలో వేయండి, ముద్రలు దాని మీదే పడాలి. నాకు మాత్రం తిప్పి పంపకండేం!

మీ తాతయ్య