వింటర్ టైర్లు: షెడ్డులో రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

మన భాషలో మంచు అన్నది ఒకటే మాట. ధనుర్మాసంలో తెల్లవారుజామున పొలాల మీద కప్పుకునేదీ మంచే, ఫ్రిజ్‌లో గడ్డకట్టేదీ మంచే, హిమాలయాల మీద మెరిసేదీ మంచే. టొరంటో శివార్లలో టైర్ల షెడ్డులో పనికి చేరాక నాకు మొదట తెలిసివచ్చింది ఏమిటంటే, టైరుకు ఇవన్నీ వేరు వేరు. అప్పుడే రాలిన మెత్తటి స్నో ఒక రోడ్డు. బండ్లు తొక్కి తొక్కి గట్టిపడిన స్నో ఇంకొకటి. అద్దంలాంటి ఐస్ మరొకటి. ఉప్పు చల్లాక కరిగిన బురద నాలుగోది. ఇవేవీ లేకుండా ఒట్టి చలికి బిగుసుకుపోయిన పొడి తారురోడ్డు అయిదోది. మనవాళ్లు ఎక్కువగా ఉండే మిసిసాగా, బ్రాంప్టన్, మిల్టన్‌లలో నవంబరు నుంచి మార్చి దాకా చూస్తే, మనం ఎక్కువ రోజులు నడిపేది ఆ అయిదో రోడ్డు మీద, లేదంటే తడి రోడ్డు మీద.

అయినా వింటర్ టైర్లు, అంటే చలికాలానికని విడిగా చేసే టైర్లు, కొనడానికి కౌంటరు దగ్గరికి వచ్చినవారందరిదీ ఒకటే ప్రశ్న: "స్నోలో అన్నిటికంటే మంచి టైరు ఏది?"

అపోహ: స్నోలో బాగా పట్టే టైరు పొడి రోడ్డు మీద ఇంకా బాగా పడుతుంది.

దీని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే డబ్బు పోయేదీ, చిరాకు పుట్టేదీ ఇక్కడే.

ఆ మధ్య ఒక తెలుగాయన తన స్పోర్ట్ సెడాన్‌కు ఐస్ మీద బాగా పనిచేస్తుందని పేరున్న మెత్తటి టైర్లు నాలుగూ పట్టుబట్టి వేయించుకున్నారు. పది రోజులు తిరక్కుండానే మళ్లీ వచ్చారు. "అన్నా, స్టీరింగ్ తిప్పితే బండి కాసేపు ఆలోచించి అప్పుడు తిరుగుతోంది. అలైన్‌మెంట్ పోయిందేమో చూడండి" అన్నారు. యంత్రం మీద పెట్టి చూశాను, వెంట్రుకంత తేడా లేదు. బయట బండి పక్కన కూర్చోబెట్టి, ట్రెడ్ (టైరులో రోడ్డును తాకే భాగం) మీద ఒక దిమ్మను బొటనవేలితో పక్కకు నొక్కమన్నాను. మైనస్ ఎనిమిది డిగ్రీల చలిలో కూడా ఆ రబ్బరు దిమ్మ తలగడలా పక్కకు ఒరిగింది. దాని మీది సన్నటి చీలికలు విసనకర్రలా విచ్చుకున్నాయి. "మీరు స్టీరింగ్ తిప్పినప్పుడు ముందు జరిగేది ఇదే. దిమ్మలన్నీ ఒరిగాక అప్పుడు బండి తిరుగుతుంది" అని చెప్పాను.

స్నోలో మాత్రం ఆ మెత్తదనమే ప్రాణం. దిమ్మల మధ్య ఉండే లోతైన గాళ్లలోకి (గాడుల్లోకి), చీలికల్లోకి స్నో ఇరుక్కుని గట్టిపడుతుంది. సున్నిపిండి పిడికిట్లో నొక్కితే ఉండ కట్టినట్టే, గాళ్లలోని స్నో రోడ్డు మీది స్నోను పట్టుకుంటుంది. స్నోకు స్నో అతుక్కున్నంత గట్టిగా రబ్బరు అతుక్కోదు. అందుకే గాళ్లలో ఇరుక్కున్న స్నోను పుల్లతో గోకే మిత్రులకు చెప్పేది, ఆ శ్రమ అక్కర్లేదని. ఐస్ మీద లెక్క వేరు. అక్కడ పైన ఉండే సన్నటి నీటి పొరను చీలికల అంచులు తుడవాలి, మెత్తటి రబ్బరు ఐస్ గరుకులోకి సర్దుకోవాలి. పొడి తారు మీద కావలసింది దీనికి పూర్తిగా తలకిందులు: తక్కువ గాళ్లు, ఒరగని పెద్ద దిమ్మలు.

అంటే రెండు వైపులా పూర్తి మార్కులు తెచ్చుకునే టైరు లేదు. కంపెనీలు మధ్యే మార్గాలు వెతుకుతున్నాయి. చీలికను పైకి గీతలా కనిపించేలా కోసి, లోపల మెలికలు తిప్పుతారు. బరువు పడగానే ఆ మెలికలు ఒకదానిలో ఒకటి ఇరుక్కుని దిమ్మను నిలబెడతాయి. ఇది నిజంగా పనిచేస్తుంది. కాని తేడాను తగ్గిస్తుందే తప్ప చెరిపేయదు.

వింటర్ టైర్లలో మోటుగా రెండు కుటుంబాలు ఉన్నాయి. మొదటిది ఐస్, స్నో కోసమే పుట్టినది: బ్రిడ్జ్‌స్టోన్ బ్లిజాక్ డబ్ల్యుఎస్90, మిషెలిన్ ఎక్స్-ఐస్ స్నో, నోకియన్ హక్కపెలిట్ట ఆర్5 లాంటివి. 1934లో మొదటి వింటర్ టైరును లారీల కోసం తయారుచేసింది ఫిన్లండ్ వాళ్లే, కాబట్టి ఈ రకానికి పుట్టిల్లు అక్కడే అనుకోవచ్చు. రెండోది జర్మనీ లాంటి చోట్ల వేగంగా నడిపే పొడి, తడి రోడ్లను దృష్టిలో పెట్టుకున్నది: మిషెలిన్ పైలట్ ఆల్పిన్ 5, కాంటినెంటల్ వింటర్‌కాంటాక్ట్ టీఎస్ 860 ఎస్ ఈ జాతివి. కొనమని చెప్పడం లేదు, జాతి గుర్తుపట్టడానికి పేర్లు చెప్పాను.

పేర్లు గుర్తుండకపోతే టైరు పక్క గోడ మీద సైజు చివర ఉన్న అక్షరం చూడండి. టైరు తట్టుకునే గరిష్ఠ వేగానికి అది గుర్తు: క్యూ అంటే గంటకు 160 కిలోమీటర్లు, ఆర్ 170, ఎస్ 180, టీ 190, హెచ్ 210, వీ 240. వందో నూటపదో పరిమితి ఉన్న 401 హైవే మీద 240 ఎందుకంటారా? వేగం కోసం కాదు. హెచ్, వీ అని ఉన్న వింటర్ టైరు సాధారణంగా గట్టి నిర్మాణంతో, ఒరగని దిమ్మలతో వస్తుంది. ఆర్, టీ అని ఉన్నవి మెత్తటి వైపు. ఇది నూటికి నూరుపాళ్లు నియమం కాదు కాని, కౌంటరు దగ్గర నేను మొదట చూసేది మాత్రం ఈ అక్షరమే.

ఆ సెడాన్ ఆయన రోజూ మిల్టన్ నుంచి డౌన్‌టౌన్‌కు పొద్దున్నే స్నో తీసేసి ఉప్పు చల్లిన హైవే మీద వెళ్లి వస్తారు. మరుసటి ఏడాది హెచ్ టైర్లు వేశాను. మళ్లీ అలైన్‌మెంట్ మాట ఎత్తలేదు. ఆయనే గనక ప్రతి శనివారం బ్యారీ దాటి జార్జియన్ బే వైపు, సరస్సు మీంచి గాలికి స్నో కుమ్మరించే దారుల్లో పోయేవారైతే, ఆ మెత్తటి టైర్లే ఉంచుకోమనేవాణ్ణి, స్టీరింగ్ ఎంత ఆలోచించినా సరే.

అపోహ: పర్వతం బొమ్మ ఉంటే అన్ని పరీక్షలూ పాసైనట్టే.

మూడు శిఖరాల కొండ, మధ్యలో స్నో రేకు ఉన్న ముద్ర మంచి గుర్తే. ఎం ప్లస్ ఎస్ (మడ్ అండ్ స్నో) అన్న అక్షరాల కంటే ఎంతో నయం, ఎందుకంటే ఆ అక్షరాలు ట్రెడ్ గాళ్ల ఆకారాన్ని బట్టి వేసేవే, వాటికి స్నో మీద పరీక్ష అవసరం లేదు. జర్మనీలో 2024 అక్టోబరు నుంచి ఒట్టి ఎం ప్లస్ ఎస్ టైరును వింటర్ టైరుగా ఒప్పుకోవడం మానేశారు. అయితే ఇక్కడ కెనడాలో కొండ ముద్ర కోసం చేసే పరీక్ష గట్టిపడిన స్నో మీద టైరు నేరుగా ముందుకు లాగే పట్టును కొలుస్తుంది. మలుపు లేదు, ఐస్ లేదు, పొడి రోడ్డు అసలే లేదు. కాబట్టి ఒకే ముద్ర ఉన్న రెండు టైర్లు ఐస్ మీద, తారు మీద ఒకదానికొకటి సంబంధం లేనట్టు ప్రవర్తించవచ్చు. ఐస్ కోసం ఐరోపాలో 2021 నుంచి లేబుల్ మీద విడిగా ఇంకో గుర్తు పెట్టారు.

అపోహ: మాది ఆల్ వీల్ డ్రైవ్, మాకెందుకు?

ఇంజను నాలుగు చక్రాలనూ తిప్పడం కదలడానికి పనికొస్తుంది. ఆపడానికి కాదు. ఏ బండికైనా బ్రేకులు నాలుగు చక్రాలకూ ఉంటాయి. ఏటా రోడ్డు పక్క కాలువలోంచి లాగించుకుని మా షెడ్డుకు వచ్చే బండ్లలో ఆల్ వీల్ డ్రైవ్‌వి తక్కువేమీ కాదు.

అపోహ: ఏడు డిగ్రీల కిందకు దిగితే వింటర్ టైరే అన్నిటా గెలుస్తుంది.

ఏడు డిగ్రీల మాట సమ్మర్ టైర్ల గురించి అయితే నిజం. ఆ చలికి వాటి రబ్బరు గట్టిపడటం మొదలవుతుంది. మైనస్ పదిహేనులో గోరు నొక్కి చూడండి, చెక్కలా ఉంటుంది. కాని ఏడు అనేది స్విచ్ కాదు. అయిదు డిగ్రీల పొడి రోడ్డు మీద మంచి ఆల్ సీజన్ టైరు (బండితో పాటు వచ్చే మామూలు రకం), మెత్తటి ఐస్ టైరు కంటే తక్కువ దూరంలో ఆగవచ్చు. వింటర్ టైర్లు అమ్మేవాడిని నేనే ఇలా అనడం మా యజమానికి నచ్చదు. మరి నవంబరులోనే ఎందుకు మార్చుకోమంటానంటే, మొదటి స్నో పడిన రోజు మా దగ్గర ఉండే వరుస మీరు చూడలేదు.

అపోహ: చలి పెరిగేకొద్దీ ఐస్ ఎక్కువ జారుతుంది.

తలకిందులు. సున్నా దగ్గర ఐస్ మీద నీటి పొర ఉంటుంది, అదే ప్రాణాంతకం. మైనస్ ఇరవైలో ఐస్ పొడిగా, కాస్త గరుకుగా ఉంటుంది. మధ్యాహ్నం కరిగి సాయంత్రం గడ్డకట్టే రోజుల్లోనే ఎక్కువ జాగ్రత్త కావాలి.

అపోహ: ఫ్రంట్ వీల్ డ్రైవ్ కాబట్టి ముందు రెండు చాలు.

చాలవు. ముందు పట్టు, వెనక జారుడు ఉంటే మలుపులో బ్రేకు వేయగానే బండి తోక తిప్పి వెనక్కి చూస్తుంది. నేను రెండు వేయను. గొడవపడినా వేయను.

అపోహ: వెడల్పు టైరు ఎక్కువ నేలను తాకుతుంది, కాబట్టి ఎక్కువ పట్టు.

పొడి రోడ్డు మీద ఈ మాటలో కొంత నిజం ఉంది. లోతైన స్నోలో వెడల్పు టైరు పైన తేలుతుంది, సన్నది కోసుకుంటూ కిందకు దిగుతుంది. అందుకే 18 అంగుళాల రిమ్ మీద 225/45 సైజు (225 మిల్లీమీటర్ల వెడల్పు) ఉన్నవారికి, బ్రేకులకు తగలకపోతే, 17 లేదా 16 అంగుళాల రిమ్ మీద మొత్తం ఎత్తు మారకుండా సన్నటి టైరు సూచిస్తాను. ధర తగ్గుతుంది, మార్చి నెల గుంతల్లో రిమ్ వంగదు. పక్క గోడ ఎత్తు పెరిగినందుకు పొడి రోడ్డు మీద మలుపుల్లో బిగువు కొంచెం పోతుంది. సన్నటి టైరుకు బదులు ఉన్న టైరులో గాలి తగ్గించి నడపడం ప్రత్యామ్నాయం కాదు. ఉష్ణోగ్రత అయిదారు డిగ్రీలు పడితే ఒక పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) దానంతట అదే తగ్గుతుంది. ఇరవై డిగ్రీల షెడ్డులో కొట్టించుకున్న గాలి మైనస్ పదిలో అయిదు పీఎస్ఐ తక్కువ చూపిస్తుంది. ఇంకా మీరెందుకు తగ్గించడం?

అపోహ: ట్రెడ్ కనిపిస్తున్నంతవరకు వింటర్ టైరే.

కొత్తది సుమారు 8 నుంచి 9 మిల్లీమీటర్లు ఉంటుంది. అయిదు కిందకు వచ్చాక స్నోలో పట్టు గణనీయంగా పడిపోతుంది. చట్టం దృష్టిలో అది ఇంకా టైరే, స్నో దృష్టిలో కాదు. పాత బ్లిజాక్ రకాల్లో సూక్ష్మ రంధ్రాల మెత్తటి రబ్బరు పై సగంలోనే ఉండేది, అది అరిగాక మామూలు రబ్బరు మిగిలేది. సెకండ్ హ్యాండ్ కొనే విద్యార్థులు లోతుతో పాటు పక్క గోడ మీది నాలుగంకెలు కూడా చూడాలి: 4023 అంటే 2023లో నలభయ్యో వారం. ఇక "ఈ వేసవితో అరగదీసి పారేద్దాం" అనుకునేవారికి: మెత్తటి రబ్బరు జులై ఎండలో త్వరగా అరుగుతుంది, సడన్ బ్రేకుకు దూరం పోయి ఆగుతుంది. మిగుల్చుకున్నది ఏమీ ఉండదు.

అపోహ: ఆల్ సీజన్, ఆల్ వెదర్ రెండూ ఒకటే.

కావు. ఆల్ వెదర్ టైరుకు కొండ ముద్ర ఉంటుంది, ఏడాది పొడవునా ఉంచవచ్చు. అపార్ట్‌మెంట్‌లో నాలుగు టైర్లు దాచుకునే చోటు లేనివారికి, ఊళ్లోనే తిరిగేవారికి నేను నిరభ్యంతరంగా ఇదే చెబుతాను. ఐస్ మీద మాత్రం అసలైన వింటర్ టైరు వెనకే. వింటర్ టైర్లు వేసుకుంటే మా ఒంటారియో రాష్ట్రంలో బీమా కంపెనీలు తగ్గింపు ఇవ్వాలన్న నియమం 2016 జనవరి నుంచి ఉంది. అడగనిదే కొందరు ఇవ్వరు, అడగండి. పక్క రాష్ట్రం క్యూబెక్‌లో డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా ఇవి తప్పనిసరి, అయితే ఆ నిబంధన అక్కడ రిజిస్టరైన బండ్లకు.

ఒకటి మరిచాను. చక్రాలు మార్చుకున్నాక వంద కిలోమీటర్లలోపు నట్లు మళ్లీ బిగించుకోవాలి. రసీదు మీద ముద్ర కొట్టి మరీ ఇస్తాం, ఉచితం కూడా. పదిమందిలో ఇద్దరు వస్తారు. ఆ ఇద్దరిలో ఒకరు సెడాన్ ఆయన.