పెద్దమ్మ దాహం, కిడ్నీల నీళ్ల దారి: ఈ కథ ఎక్కడ మొదలైంది?

మా పెద్దమ్మది దేవరకొండ దిక్కు ఊరు. మూడేండ్ల కింద ఆమెకు దాహం మొదలైంది, మామూలు దాహం కాదు, మంచం పక్కన రెండు లీటర్ల బాటిల్ పెట్టుకుని పండుకుంటే తెల్లారేసరికి ఖాళీ, రాత్రికి నాలుగైదు సార్లు లేవాలె. వాడకట్టోళ్లంత షుగరే అన్నరు, ఒక క్లినిక్‌ల అయితే టెస్ట్ చెయ్యకముందే షుగర్ గోళీలు రాసిచ్చిర్రు. నేను ల్యాబ్‌ల పనిచేస్త కాబట్టి యూరిన్ తెచ్చి పట్టీ ముంచి చూసిన. గ్లూకోజ్ గడి రంగే మారలే, అంటే మూత్రంల చక్కెర లేదు, స్పెసిఫిక్ గ్రావిటీ (మూత్రం ఎంత చిక్కగుందో చెప్పే లెక్క) 1.005, అంటే బాగ పలచన, ట్యూబుల చూస్తే బోరు నీళ్ల లెక్క తెల్లగ ఉంది. పక్కింటి అత్త మాత్రం "ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగినోళ్లకు గంతే బిడ్డా" అన్నది. నల్లగొండల ఏ రోగమొచ్చినా ముందు మాట అదే, పటిక సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి గూడ మన జిల్లా పేరే పెట్టిరాయె.

అసలు సంగతి ఆమె ఏండ్ల సంది వేసుకుంటున్న లిథియం గోళీల్ల ఉంది. మనసు ఒకసారి పైకి ఒకసారి కిందికి పోయే జబ్బుకు అది మంచి మందే, 1949ల ఆస్ట్రేలియాల జాన్ కేడ్ అనే డాక్టరు మొదలువెట్టిండు. కానీ అది కిడ్నీల ఒక ప్రొటీన్‌ను దెబ్బకొడ్తది. ఆ ప్రొటీన్ల కుటుంబం ఎట్ల దొరికిందో చెప్పాలంటే జర వెనక్కి పోవాలె.

కణం చుట్టూ ఉండేది కొవ్వు పొర, దాంట్లకెళ్లి నీళ్లు నిమ్మళంగ పోవాలె. కానీ రక్తంల ఎర్రకణాలు, కిడ్నీ గొట్టాలు నీళ్లను గడగడ పీల్చుకుంటయి, అందుకని 1950ల నుంచే ఏదో రంధ్రం ఉండాలె అని అనుమానం. 1970ల పాదరసం కలిపితే ఆ స్పీడు పడిపోయింది, అంటే పాదరసం అతుక్కుని అడ్డం పడేటందుకు అక్కడ ఏదో ప్రొటీన్ ఉన్నట్టే కదా. అయినా ఇరవై ఏండ్ల దాక ఎవ్వరికీ పట్టువడలే. చివరికి దొరికింది గూడ వెతకనోళ్లకే, బాల్టిమోర్‌ల జాన్స్ హాప్‌కిన్స్‌ల పీటర్ ఆగ్రే ఆర్‌హెచ్ బ్లడ్ గ్రూప్ ప్రొటీన్ కోసం చూస్తుంటే ప్రతిసారీ 28 కిలోడాల్టన్ల (ప్రొటీన్ బరువు కొలత) ప్రొటీన్ ఒకటి చెత్త లెక్క పక్కన తేలుతుండె. తీరా చూస్తే అది ఎర్రకణాల్ల కుప్పలు కుప్పలు, కిడ్నీ గొట్టాల్ల గూడ అంతే. నాకు ఈ కథల నచ్చిన ముక్క ఇదే, ప్రొటీన్ ఏం చేస్తదో తెల్వకముందే ఎక్కడెక్కడ ఉన్నదో చూసి పని ఊహించిర్రు. కప్ప గుడ్డుల ఆ ప్రొటీన్ తయారయ్యేటట్టు చేసి పలచని నీళ్లల్ల వేస్తే గుడ్డు ఉబ్బి ఉబ్బి పగిలిపోయింది, మామూలు గుడ్డు ఉన్నదున్నట్టే ఉంది. ఆ పేపర్ 1992ల వచ్చింది, నోబెల్ 2003ల. పేరు అక్వాపోరిన్.

మనిషిల ఇట్లాంటివి 13 ఉన్నయి, 0 నుంచి 12 దాక నంబర్లు. సున్నా నంబర్‌ది కంటి లెన్స్‌ల, అది చెడిపోతే పుట్టుకతోటే శుక్లం రావొచ్చు. అయిదోది ఉమ్మి, కన్నీళ్ల గ్రంథుల్ల. నాలుగోది మెదడుల, వెన్నుపాముల ఆస్ట్రోసైట్లు అనే సాయం చేసే కణాల మీద, దాని మీదికే యాంటీబాడీలు పోతే చూపు పోవుడు, కాళ్లు పడిపోవుడు. ఈ జబ్బును (న్యూరోమైలైటిస్ ఆప్టికా) ముందు మల్టిపుల్ స్క్లిరోసిస్ అనే నరాల జబ్బుల రకమే అనుకునేటోళ్లు, 2005ల గురి ఈ ప్రొటీనే అని తేలినంక ఇప్పుడు దానికి వేరే టెస్టే ఉంది.

మా పెద్దమ్మది రెండో నంబర్. కిడ్నీల మూత్రం ఆఖరికి దిగే గొట్టాల్ల ఉంటది, జపాన్ వాళ్లు 1993ల పట్టిర్రు. రోజుకు 180 లీటర్ల దాక వడగట్టి చివరికి లీటరున్నరే బయటికి పంపుతున్నదంటే ఆఖరి సర్దుబాటు దీనిదే. ఆరోగ్యంగ ఉన్నోళ్లల్ల గూడ ఇది అన్ని వేళల పొర మీదనే ఉండదు, కణం లోపల చిన్న సంచుల్ల కూసుంటది, మెదడు నుంచి వాసోప్రెసిన్ హార్మోన్ వస్తే పైకొచ్చి నీళ్లను లోపలికి గుంజుతది. పుట్టుకతోటే ఈ జీన్ చెడిన రోగి గురించి 1994ల రాసిర్రు. 1995ల ఎలకలకు లిథియం పెడితే ప్రొటీన్ లెక్కే బాగ పడిపోయింది, పైకొచ్చేటందుకు సరుకే లేకపోతే హార్మోన్ ఎంత మొత్తుకుంటే ఏం లాభం, నీళ్లు మూత్రంలనే పోతయి, దాహం అందుకే.

అయితే అత్త మాట గూడ ఉత్తదే అనలేం. 1960లల్ల మెథాక్సీఫ్లురేన్ అనే మత్తుమందు ఇస్తే ఒంట్ల విరిగి ఫ్లోరైడ్ అయ్యి, కొందరు పేషెంట్లు లీటర్లకు లీటర్లు మూత్రం పోసిర్రు, హార్మోన్ ఇచ్చినా కిడ్నీ వినలే. కాకపోతే ఆ మోతాదు వేరు, మన బోరు నీళ్ల లెక్క వేరు.

షుగర్ గోళీలు బంద్ చేపిచ్చినం. లిథియం మటుకు సొంతంగ ఆపొద్దని డాక్టరు గట్టిగ చెప్పి అమిలోరైడ్ అనే గోళీ కలిపిండు, లిథియం ఆ కిడ్నీ కణాల్లకు దూరేది సోడియం చానల్ అనే ఇంకో దారి నుంచి, ఈ గోళీ దాన్ని మూస్తది. మొన్న పోతే బాటిల్ సగం మిగిలింది, రాత్రి ఒక్కసారే లేసిందట. పక్కింటి అత్త మాత్రం అది కొత్త ఫిల్టర్ నీళ్ల మహిమ అంటున్నది.