తాత పండ్ల మీది జంగు

చిన్నారి మనుమలకు, మనుమరాళ్లకు తాత ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం.

దసరా సెలవులకు వచ్చినప్పుడు మీలో అందరికన్నా చిన్నది నా ఒళ్లో కూర్చుని, నా నోట్లోకి తొంగి చూసి, "తాతా, నీ పండ్లకు జంగు వట్టిందా?" అని అడిగింది. వాళ్లమ్మ కసిరింది గానీ, అది అడగవలసిన ప్రశ్నే. ఆనాడు నేను నవ్వి ఊరుకోవడానికి కారణం జవాబు తెలియకపోవడం కాదు. చెప్పడం మొదలుపెడితే మీ బస్సు వెళ్లిపోయేది.

అది జంగు, అంటే తుప్పు, కాదు; పొగాకు మరక అంతకన్నా కాదు. మన నల్లగొండ నేల కింది నీళ్లలో ఫ్లోరైడు అనే పదార్థం కలిసి ఉంటుంది. అది కంటికి కనిపించదు, నాలుకకు తెలియదు, వాసన ఉండదు. అలాంటిది నీళ్లలోకి ఎలా వచ్చిందంటారా? వంటింట్లో చాయ్ ఎలా తయారవుతుందో చూడండి. నీళ్లు పొయ్యి మీద పెట్టి ఆకు వేస్తే, ఆకులోని రంగూ వగరూ నీళ్లలోకి దిగుతాయి. మన గుట్టల కింద ఉన్న నల్లరాయి ఆ చాయ్ ఆకు వంటిది. వాన నీళ్లు మట్టిలోకి ఇంకి, రాతి పగుళ్లలోకి చేరి, ఏళ్ల తరబడి అక్కడే నానుతాయి. ఆ రాతిలోని అభ్రకం వంటి ఖనిజాలలో ఉన్న ఫ్లోరైడు కొద్దికొద్దిగా నీళ్లలోకి దిగుతుంది. చాయ్ ఎంతసేపు మరిగితే అంత చిక్కనైనట్టు, నీళ్లు రాతిలో ఎంతకాలం నిలిస్తే అంత ఫ్లోరైడు పట్టుకుంటాయి. మనం బోర్లు లోతుకు దించిన కొద్దీ అడుగున మిగిలిన పాత డికాక్షన్‌ను పైకి తోడుకున్నామన్నమాట. చాయ్‌ని గుడ్డలో వడకడితే ఆకు ఆగుతుంది గానీ రంగు ఆగదు. ఫ్లోరైడు కూడా బట్టకు చిక్కదు. కాచి తాగితే పోతుందని కొందరు అనుకునేవారు. కాస్తే నీళ్లు ఆవిరై తగ్గుతాయి, ఫ్లోరైడు మాత్రం గిన్నెలోనే ఉండిపోతుంది, అంటే ఇంకా చిక్కబడుతుంది. ఈ పోలికను ఇంత దూరం లాగాను కనుక ఒక సంగతి ఒప్పుకోవాలి: చాయ్ ఆకులో నిజంగానే ఫ్లోరైడు ఉంటుంది. తేయాకు చెట్టు దాన్ని నేలలోంచి లాగి ఆకులో దాచుకుంటుంది. పోలిక కోసం తెచ్చిన కెటిల్‌లోనే దొంగ కూర్చున్నాడు చూశారా!

తాగే నీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము ఫ్లోరైడు మించకూడదని, వేరే నీటి వనరు దొరకనప్పుడు 1.5 వరకు సరిపెట్టుకోవచ్చని మన దేశ ప్రమాణాలు చెబుతాయి. మిల్లీగ్రాము అంటే గ్రాములో వెయ్యో వంతు. అంత చిన్నదాని మీద ఇంత పట్టింపు ఎందుకని మీరు అడుగుతారు. చిగుళ్ల లోపల పన్ను తయారవుతున్న కాలంలో, అంటే సుమారు ఎనిమిదేళ్ల వయసు లోపు, ఫ్లోరైడు ఎక్కువైతే పన్ను పైపూత సరిగ్గా గట్టిపడదు. బయటికి వచ్చాక దాని మీద తెల్లని చారలు, గోధుమ రంగు మరకలు ఏర్పడతాయి. మీ నాయనమ్మ కృష్ణ ఒడ్డు ఊరి నుంచి పెళ్లయ్యాక ఇక్కడికి వచ్చింది. అప్పటికే ఆమె పండ్లు తయారైపోయాయి కాబట్టి, నేను తాగిన నీళ్లే ఇన్నేళ్లు తాగినా అవి తెల్లగానే ఉన్నాయి. ఈ మాట ఆమె రోజుకొకసారి నాకు గుర్తు చేస్తుంది కూడా.

ఎముకలకు మాత్రం అలాంటి గడువు లేదు. మా నాయిన అరక దున్నేవాడు. పక్కనుంచి ఎవరైనా పిలిస్తే మెడ తిప్పేవాడు కాదు, మనిషంతా తిరిగి చూసేవాడు. పెద్దమనిషి అలాగే చూడాలి కాబోలని నేను చాలాకాలం అనుకున్నాను. బడిలో ఆయనలాగే తిరిగి చూసి పంతులు గారితో దెబ్బలు కూడా తిన్నాను. తర్వాత ఒక వైద్య శిబిరంలో డాక్టరు గారు, గడ్డాన్ని రొమ్ముకు ఆనించమని, నడుము వంచి కాలి వేళ్లు ముట్టుకోమని మా నాయినతో అన్నారు. ఆయన రెండూ చేయలేకపోయాడు. అది పెద్దరికం కాదని, వెన్నెముక బిగుసుకుపోయిందని నాకు ఆ రోజు తెలిసింది.

అయితే ఈ ఉత్తరం ఏడవడానికి రాయడం లేదు. మన ఊళ్లలోని ఈ బాధను చూసి కొందరు శాస్త్రవేత్తలు మన ఇళ్లలోకే వచ్చి, మన అన్నం కుండల్లోకి, నీళ్ల బిందెల్లోకి చూసి జవాబులు వెతికారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కె.ఎ.వి.ఆర్. కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి గార్లు మన ప్రాంతంలో మోకాళ్లు లోపలికి వంగిపోయిన యువకులను పరీక్షించి, 1973లో లాన్సెట్ అనే ప్రసిద్ధ వైద్య పత్రికలో రాశారు. అదే సంస్థ వారు అన్నం తిన్నప్పటికన్నా జొన్న తిండి తిన్నప్పుడు ఒంట్లో ఫ్లోరైడు ఎక్కువగా నిలిచిపోతుందని గమనించారు. జొన్న గటక మీద పెరిగిన నాకు ఆ సంగతి విన్నప్పుడు కొంచెం మనసు నొచ్చుకున్నది. జొన్న మంచి తిండే, తప్పు నీళ్లది.

ఆ మనస్తాపాన్ని ఆ సంస్థ వారే తీర్చారు. 2002లో వెలువడిన ఒక పరిశోధనలో ఆరోగ్యంగా ఉన్న బాలురకు 18 రోజులపాటు రోజూ 10 గ్రాముల చింతపండు ఇచ్చి, మూత్రంలో ఎంత ఫ్లోరైడు బయటికి పోతున్నదో కొలిచారు. అంతకుముందు రోజుకు 3.5 మిల్లీగ్రాములు పోయేది 4.8కి పెరిగింది. దీన్ని బట్టి చింతపండు మందు అయిపోదు, పాడైన పన్ను బాగుపడదు. కానీ పచ్చిపులుసు చూసి మూతి తిప్పుకునే మీరు ఇకనైనా ఒక గరిటె పోసుకుంటే తాతకు సంతోషం.

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైనది బకెట్ సంగతి. నాగపూర్‌లోని నీరి అనే పరిశోధన సంస్థ వారు 1970 దశకంలో, పల్లెటూరి ఇల్లాలు కూడా చేసుకోగలిగిన ఒక పద్ధతిని తయారుచేసి దానికి మన జిల్లా పేరే పెట్టారు: నల్లగొండ పద్ధతి. నీళ్లలో కొద్దిగా సున్నం, బ్లీచింగ్ పొడి, తగినంత పటిక వేసి కలిపి, గంటసేపు కదపకుండా ఉంచాలి. పటిక నీళ్లలో దూదిపింజల వంటి తునకలుగా మారి, ఫ్లోరైడును అంటించుకుని అడుగుకు దిగుతుంది. నా చాయ్ పోలికలోనే చెప్పాలంటే, పాలు విరిగి గడ్డలు వేరు, నీళ్లు వేరు అయినట్టన్నమాట. బకెట్‌కు అడుగున కాకుండా కొంచెం పైన కుళాయి పెడతారు, అడుగు మడ్డి కదలకుండా పైతేట మాత్రమే రావడానికి. ఇదే పద్ధతిని ఆఫ్రికాలోని టాంజానియా, ఇథియోపియా దేశాలలో కూడా వాడారు. అక్కడి మనుషులు మన ఊరి పేరు పలికి ఉంటారని తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు పులకరిస్తుంది.

కానీ మా ఇంట్లో అది ఎక్కువ కాలం నిలవలేదు. పటిక ఎక్కువైతే నీళ్లు వగరెక్కుతాయి. రోజూ తూచి వేసే ఓపిక మా అమ్మకు లేదు, పొలం పనిలో ఎవరికీ లేదు. ఒక నీళ్లకు సరిపోయిన కొలత మరో నీళ్లకు సరిపోదు. చివరికి చాలా ఇళ్లలో బకెట్ వడ్లు నానబెట్టడానికి పనికివచ్చింది. ఇప్పుడు మిషన్ భగీరథ గొట్టాల్లో నది నీళ్లు ఇంటికి వస్తున్నాయి, మీ పండ్లు తెల్లగా ఉన్నాయి. ఆ కుళాయి వదిలేసి బోరింగు నీళ్లు తాగవద్దని మాత్రం మీకు గట్టిగా చెబుతున్నాను.

పటిక ఆ ఫ్లోరైడును ఎలా పట్టుకుంటుందో, ఎందుకు వదలదో పుస్తకంలో ఉన్నట్టు చెబితే మీకు నిద్ర వస్తుంది. నాకూ అంత చక్కగా చెప్పడం రాదు. కాబట్టి ఒక పని చేయండి. వానాకాలంలో చెరువు నుంచి ఒక గాజు గ్లాసెడు మట్టి నీళ్లు తెచ్చుకోండి. అంగట్లో పటిక ముక్క కొని, దాన్ని నీళ్లలో రెండు మూడు సార్లు తిప్పి తీసేయండి. చెంచాతో మెల్లగా కలపండి. ఆ నీళ్లు తాగవద్దు. గ్లాసును కిటికీ వెలుగులో పెట్టి, కదపకుండా, మాట్లాడకుండా కూర్చోండి. మొదట ఏమీ కనిపించదు. కాసేపటికి దూది తునకలు పుట్టి, ఒకదానినొకటి వెతుక్కుంటూ, కిందికి దిగడం మొదలవుతుంది. అప్పుడు నాకు ఫోన్ చేయండి, ఎంతసేపు పట్టిందో చెప్పండి.

మీ తాత