వెంటిలేటర్ గొట్టం ఎప్పుడు తీయాలి: ఊపిరి కండరానికి స్కానింగ్ వెనుక కథ

అనంతపురం, కర్నూలు పల్లెల్లో నేల మీద నిద్రపోయేవారిని రాత్రివేళ కట్లపాము కాటేస్తే ముందు కంటిరెప్పలు వాలిపోతాయి, తర్వాత మాట ముద్దగా మారుతుంది, చివరికి ఊపిరి తీసే కండరాలు చచ్చుబడతాయి. పురుగుల మందు తాగినవారిలో కొందరికి కాస్త కోలుకున్నట్టు కనిపించాక, మందు తాగిన ఒకటి నుంచి నాలుగు రోజుల్లో ఇదే స్థితి వస్తుంది. కర్నూలు పెద్దాసుపత్రి దాకా చేరి వెంటిలేటర్ మీద బతికి బయటపడిన మనిషికి ఆ గొట్టం ఎప్పుడు తీయాలన్నది అసలు ప్రశ్న. తొందరపడితే మళ్లీ వేయాల్సి వస్తుంది, ఆలస్యమైతే ఊపిరితిత్తులకు ఇన్ఫెక్షన్ సోకే ప్రమాదం పెరుగుతుంది.

గొట్టం తీశాక సొంతంగా ఊపిరి తీయాల్సిన కండరాల బలాన్ని కొలిచే ప్రయత్నాలు పాతవే. 1969లో బ్లాక్, హయట్ అనే వైద్యులు నోటి దగ్గర గరిష్ఠ పీడనాన్ని కొలిచే పద్ధతిని వివరించారు గానీ, దానికి రోగి మెలకువగా ఉండి శక్తికొద్దీ పీల్చాలి. అన్నవాహికలోకి, కడుపులోకి బెలూన్ గొట్టాలు దింపి కొలిచే పద్ధతి మరింత కచ్చితమైనదే అయినా, రోజూ చేయగలిగింది కాదు. 1989లో పక్కటెముకల మీద నుంచే డయాఫ్రం (ఛాతీకి, కడుపుకి మధ్య ఉండే ప్రధాన ఊపిరి కండరం) మందాన్ని అల్ట్రాసౌండ్‌తో కొలవవచ్చని తేలింది. వెంటిలేటర్‌పై 18 నుంచి 69 గంటలు కదలకుండా ఉన్న డయాఫ్రం పోగులు సగానికి పైగా సన్నబడ్డాయని 2008లో వెలువడిన అధ్యయనం చూపాక, బతికించే యంత్రమే కండరాన్ని నీరసింపజేస్తోందని అర్థమై ఈ పరీక్షకు ప్రాధాన్యం పెరిగింది.

కుడివైపు కింది పక్కటెముకల సందులో ప్రోబ్ (అల్ట్రాసౌండ్ యంత్రంలో చర్మానికి ఆనించే భాగం) ఆనిస్తే రెండు తెల్లని గీతల మధ్య సుమారు 2 మిల్లీమీటర్ల బూడిదరంగు పట్టీ కనిపిస్తుంది, అదే డయాఫ్రం. ఊపిరి తీసినప్పుడు అది 2.6కు చేరితే 30 శాతం మందమైనట్టు. నిండుగా పీల్చినా 20 శాతం దాటకపోతే పక్షవాతాన్ని అనుమానిస్తారు. అయితే ఇది నేరుగా బలాన్ని కొలవదని గట్టిగా చెప్పాలి. మత్తులో ఉన్న రోగి ప్రయత్నించకపోతే గట్టి కండరం కూడా కదలదు.

ఆడపిల్లల ప్రాణాల కోసం తెచ్చిన 1994 నాటి లింగనిర్ధారణ నిషేధ చట్టం ప్రకారం ప్రతి అల్ట్రాసౌండ్ యంత్రాన్నీ నమోదు చేయించాలి. ఐసీయూకు యంత్రం తెచ్చుకునేటప్పుడు ఆ పని ముందే పూర్తవ్వాలి. ఆపైన చేయి అలవాటు కావాలి. ప్రోబ్ కొంచెం వాలినా అర మిల్లీమీటరు తేడా వస్తుంది కాబట్టి, మొదట కొలిచినవారు చర్మం మీద పెన్నుతో గుర్తు పెడితే, మర్నాడు డ్యూటీకి వచ్చే డాక్టరు అదే చోట ప్రోబ్ ఆనిస్తారు.